ఎర్ర కారుకి నా హస్తవాసి

తాళం నా జేబులోనే ఉంది. కారు మాత్రం దానంతట అదే కళ్లు తెరిచింది.

కళ్లంటే హెడ్‌లైట్లు. ఉదయం తొమ్మిదిన్నర, ఎండ చురుక్కుమంటోంది. నేను షెడ్డు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాను. మా ఆవిడ గౌరి లోపల బల్ల దగ్గర ఒక స్టార్టరు మోటారుకి రాగితీగ చుడుతోంది. షెడ్డు మధ్యలో నిలబెట్టిన ఎర్ర స్పోర్ట్స్ కారు దగ్గర మనిషన్నవాడు లేడు. అలాంటిది రెండు లైట్లూ భగ్గున వెలిగాయి. వైపర్లు లేచి అద్దం మీద కిర్రుకిర్రుమని ఆడాయి. డ్రైవరు పక్క కిటికీ అద్దం మెల్లగా కిందికి దిగింది. ఆ వెంటనే హారన్ మొదలైంది. ఆగితే ఒట్టు.

"ఓలమ్మో!" అంటూ గౌరి చేతిలో తీగచుట్ట కింద పడేసింది. "ఏటి నొక్కీసినావయ్యా?"

"నానేటి నొక్కుతాను? ఇక్కడ కూకుని టీ తాగుతన్నాను. తాళం ఇదిగో, జేబులోనే ఉన్నాది!"

"జేబులో ఆ బొత్తాం నొక్కుకుపోయుంటాది. ఇటియ్యి."

తాళం దూరమైతే ఆగుతుందేమోనని, అది లాక్కుని గౌరి రోడ్డు దాటింది. ఎదుటి టీకొట్టు కూడా దాటి, అవతల బస్టాపు దాకా పోయి అక్కడినుంచి చెయ్యి ఊపింది. కారు లక్ష్యపెట్టలేదు. టీకొట్టు జనమంతా లేచి నిలబడి చూస్తున్నారు. నేను పరిగెత్తి బ్యాటరీ తీగ పీకితే గాని దాని నోరు మూతపడలేదు.

శ్రీకాకుళంలో ముప్పై ఏళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్ని. నరసింగరావు షెడ్డంటే రిక్షావాడు కూడా దారి చెబుతాడు. వైరింగు అంటుకోవడం చూశాను, ఆపిన లారీ దానంతట అది స్టార్టవడం చూశాను. ఇలాంటివాటికి బెదిరే మనిషిని కాను. కానీ ఆ పూట బెదిరాను. ఎందుకంటే మూడు రోజుల కిందటే ఆ కారు గురించి నలుగురి ముందూ ఒక మాట అనేశాను. "బండిలో ఏ దోషమూ లేదు. దోషం నడిపిన సేతిలో ఉన్నాది" అన్నాను.

నడిపిన చెయ్యి సింధూరిది.

సింధూరి మా ఆనంద్‌కుమార్ బాబు కూతురు. జీటీ రోడ్డులో బట్టల షాపు వాళ్లది. వాళ్ల తాతగారి జీపు దగ్గరనుంచీ ఆ ఇంటి బళ్లన్నీ నా చేతి మీదుగానే నడిచాయి. కిందటి మాఘమాసంలో ఆనంద్‌కుమార్ బాబు హైదరాబాదు నుంచి ఈ సెకండ్‌హ్యాండు కారు తెచ్చుకున్నాడు. రెండే సీట్లు. నేలకి జానెడు ఎత్తు. ఇంజను సీట్ల వెనకాల ఉంటుంది, ముందు మూత ఎత్తితే సామాను పెట్టుకునే గుంట, బ్యాటరీ, కరెంటు పెట్టెలు తప్ప మరేమీ ఉండవు. తీరా చూస్తే ఆయన పొట్ట స్టీరింగు కింద పట్టలేదు. కూర్చోవడానికి ఇద్దరు, లేపడానికి ఇద్దరు కావలసి వచ్చేది. నెల తిరక్కుండా కారు కూతురి చేతిలోకి వచ్చింది.

ఆ పిల్ల నడుపుతుంటే నేను చూశాను. పక్కన కూర్చున్నాను కూడా. తొందరపడదు. మలుపుకి ముందే వేగం తగ్గిస్తుంది, మలుపులో చెయ్యి కదపదు. కోయంబత్తూరు దగ్గర రేసు డ్రైవర్లకి శిక్షణ ఇచ్చేచోట పరీక్ష పెడితే నెగ్గింది. ఈ సోమవారం పొద్దుటికి అక్కడ ఉండాలి, లేకపోతే ఆ చోటు మరొకరికి ఇచ్చేస్తారు. ఆదివారం రైలుకి టికెట్టు తీసింది. బట్టల షావుకారి కూతురు రేసు కార్లు నడపడమేమిటని చుట్టాలంతా నోళ్లు నొక్కుకున్నా, వాళ్ల నాన్న మూడు నెలలు సణిగి చివరికి సరే అన్నాడు.

ఇంతలో కిందటి వారం నాయనమ్మ నారాయణమ్మగారిని రామతీర్థం తీసుకెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు సన్నటి జల్లు పడుతోందట. ఒక మలుపులో ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయిందట. ముందున్న మీటర్లన్నీ చీకటైపోయి, స్టీరింగు బిగుసుకుపోయిందట. రెండుసార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా గట్టిపడిపోయిందట. కారు రోడ్డు దిగి వరిచేలో పడింది. పిల్లకి గీత కూడా పడలేదు గాని, పక్కన కునుకు తీస్తున్న ముసలావిడ కుడి మణికట్టు విరిగింది.

"బండే ఆగిపోయింది" అంటుంది సింధూరి. జోరుగా తోలి అదుపు తప్పి ఇప్పుడు బండి మీదికి నెడుతోందని ఇంటిల్లిపాదీ అన్నారు. తేల్చమని నన్ను పిలిచారు.

తేల్చాను. క్రేను వాళ్లు కారుని లాగేముందు బ్యాటరీ తీగ పీకేశారు, అందుకని కారు లోపాలు చదివే నా స్కానరులో పాతదేదీ దొరకలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో దాన్ని నడుపుకుంటూ చిలకపాలెం దాకా పోయి వచ్చాను. వెన్నలా నడిచింది. మర్నాడు షాపులో, గుమస్తాలూ చుట్టాలూ కొనడానికొచ్చిన వాళ్లూ ఉండగా ఆ మాట అన్నాను.

సింధూరి నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "బాబాయ్, వానలో నడిపి సూసేవా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ముప్పై ఏళ్ల సర్వీసు నాది. నాకు పని నేర్పుతావేటమ్మా? నీ సెయ్యి సరిగా లేదని ఒప్పుకో, పోనాది!" అని కేకలేశాను.

వాళ్ల నాన్న అందరి ముందూ తాళం అడిగి తీసుకున్నాడు. టికెట్టు రద్దు చేసెయ్యమన్నాడు. "నీ వల్ల మా యమ్మ సెయ్యి ఇరిగినాది. ఇంక స్టీరింగు ముట్టుకున్నావంటే నా మీద ఒట్టే" అన్నాడు. కారు కడిగి, ముందు బంపరు సరిచేసి, ఎవరికైనా అమ్మిపెట్టమని తాళం నా చేతిలో పెట్టాడు.

ఇదీ జరిగింది. ఇప్పుడు మూడో రోజు పొద్దున, తాళం లేకుండా, మనిషి లేకుండా ఆ కారు హారన్ కొట్టింది.

గౌరి బస్టాపు నుంచి వగరుస్తూ వచ్చింది. "పొద్దున్న ఏటి సేసినావు దీన్ని?"

"ఏటీ సెయ్యలేదు. బురద పోవాలని నీళ్ల గన్నుతో కడిగేను, అంతే."

అన్నాక నా మాట నాకే వినబడింది. నీళ్లు. వానలో నడిపి చూశావా బాబాయ్ అని అడిగింది ఆ పిల్ల.

పని మొదలుపెట్టాం. బ్యాటరీకి, తీగకి మధ్యలో మీటరు పెట్టాను. నిద్రపోయే కారు కరెంటు తాగకూడదు. తాగినా చుక్క. ఇది తొమ్మిది ఆంపియర్లు లాగుతోంది. గౌరి సీటు కింది పెట్టెలో ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతుంటే నేను మీటరు చూస్తున్నాను. ఏ ఫ్యూజు పీకినా ఆ అంకె దిగదు. అరగంట పోయింది. డోర్లలో లేదు, రేడియోలో లేదు, వెనక ఇంజనులో లేదు. చివరికి ముందు మూత ఎత్తి, బ్యాటరీ పక్కనున్న పెద్ద కరెంటు పెట్టెలోకి పోయే లావుపాటి కనెక్టరు పట్టుకుని కొంచెం కదిపాను. తొమ్మిది సున్నా అయింది. మళ్లీ కదిపాను. తొమ్మిది.

"అదే" అంది గౌరి.

ఆ పెట్టె మీద నల్ల ప్లాస్టిక్ మూత ఉంటుంది. నాలుగు క్లిప్పులు. రెండు క్లిప్పులు విరిగి ఉన్నాయి. మూత తీసి కనెక్టరు ఊడదీశాను.

వంగి లోపలికి చూశాను.

లోపల పిన్నుల ఇత్తడి కాళ్లు తళతళలాడుతూ ఉండాలి. పచ్చగా, తెల్లగా చిలుం పట్టి పొక్కులు లేచి ఉన్నాయి. రెండు కాళ్లు సగం తినేసి ఉన్నాయి. కాలికీ కాలికీ మధ్య బెల్లంపాకంలాంటి గోధుమరంగు బంక. ఆ బంకలో చచ్చిన చీమలు, ఒకటీ రెండూ కాదు, వరసగా. కరెంటు పెట్టెలో చీమలేమిటి? నా సర్వీసులో చూడలేదు.

గౌరి కనెక్టరుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "పులిసిపోయిన కొబ్బరినీళ్ల కంపు కొడతన్నాది."

టార్చి వేసి చూస్తే అంచున కుంకుమ ఎరుపు. ఒక మూల ఇరుక్కుని కొబ్బరిపీచు, అంగుళం పొడవు.

అనుమానం మిగలకూడదని మూడు రకాలుగా చూశాను. కనెక్టరు మళ్లీ బిగించి, వేడిగాలి మిషనుతో ఆరబెట్టాను. కారు మామూలుగా నిద్రపోయింది. స్ప్రే సీసాతో నాలుగు చుక్కల నీళ్లు చల్లాను. పది లెక్కపెట్టేలోపు లైట్లు వెలిగాయి, వైపర్లు లేచాయి. తడి తగలగానే ఆ బంక మీంచి కరెంటు పోకూడని కాలికి పోతోంది. ఇక మూడోది. ఇంజను స్టార్టు చేసి నడుస్తుండగా ఆ కనెక్టరుని వేలితో కొంచెం నెట్టాను. ఇంజను చప్పున చచ్చింది. మీటర్లన్నీ చీకటి. సీటులోకి వచ్చి స్టీరింగు తిప్పబోతే కదల్లేదు. బ్రేకు తొక్కాను. ఒకటి. రెండు. మూడోసారి రాయి.

అక్షరం అక్షరం ఆ పిల్ల చెప్పిందే.

ఆ మలుపులో ఎదురుగా లారీ వచ్చుంటే? వరిచేను బదులు చెరువుంటే? అరవై కిలోమీటర్ల వేగంలో చచ్చిపోయిన కారుని, బ్రేకు లేకుండా, చెట్టుకి తగలనీయకుండా చేలోకి దింపింది ఆ పిల్ల. దాన్ని పట్టుకుని చెయ్యి సరిగా లేదన్నాను. సిగ్గుతో చెవులు మండిపోయాయి.

సిగ్గు నాకు ఎక్కువసేపు నిలవదు, కోపంలోకి దిగిపోతుంది. కొబ్బరినీళ్లు తెచ్చి కరెంటు పెట్టెలో పోసిన ఆ దరిద్రుడు ఎవడో తెలియాలి. వాడి వల్ల ముసలావిడ చెయ్యి విరిగింది, వాడి వల్ల పిల్ల బతుకు ఆగిపోయింది, వాడి వల్ల నా నోట తప్పుడు మాట వచ్చింది. ఫోను తీసి షావుకారింటికి కొట్టాను. నారాయణమ్మగారు ఎత్తారు.

"అమ్మా, నాను, నర్సింగరావుని. మీ కారు ముందు మూత కింద ఎవులో కొబ్బరినీళ్లు పోసినారు. ఎవులా ఎదవ?"



"మూత కిందా?"

"అవునమ్మా! ప్లాస్టిక్ మూత ఇప్పీసి మరీ పోసినాడు. బుద్ధున్నోడు సేసే పనేనా? కరెంటు ఉన్నకాడ నీళ్లు పోస్తారేటమ్మా? ఆడు నాకు దొరకాలి, తోలు తీస్తాను!"

"అదేటిరా నర్సింగా" అంది ముసలావిడ నెమ్మదిగా. "నివ్వే గదరా?"

"నానేటి?"

"శ్రీకూర్మంలో. పూజ నాడు. మరిసిపోనావేటి? మా సిందూరి ఫోనులో తీసినాది. ఉండు, పంపమంటాను."

ఫోను పెట్టేశాను. నవ్వు కూడా వచ్చింది, ముసలావిడకి మతి తప్పిందని. రెండు నిమిషాల్లో ఫోను కిణింగుమంది. సింధూరి నుంచి వీడియో. కింద ఒక్క అక్షరం కూడా రాయలేదు.

శ్రీకూర్మం గుడి ముందర ఎర్ర కారు. బంతిపూల దండ. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు. పంతులుగారు కుంకుమ పెట్టి పక్కకి తప్పుకోగానే నేను వచ్చాను. ఇస్త్రీ చొక్కా, నుదుట ఇంత బొట్టు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాది మంచి హస్తవాసి అని ఈ చుట్టుపక్కల పేరు. కొత్త బండి కొన్నవాళ్లు పూజకి నన్ను పిలుస్తారు. పంతులు కొట్టిన కొబ్బరికాయ నీళ్లు నేను నా చేత్తో ఇంజను మీద పోస్తే బండి మొరాయించదని నమ్మకం. మా గురువు లారీలకి పోసేవాడు, ఆయన దగ్గర నేను నేర్చుకున్నాను. ఆ ఇంజన్లు ఇనప ముద్దలు, పోసినా ఆవిరైపోయేవి. ఎన్ని బళ్లకి పోశానో నాకే తెలియదు. పోసిన సంగతి కూడా గుర్తుండదు, చెప్పులు విడిచిన చోటు గుర్తుండనట్టే.

వీడియోలో నారాయణమ్మగారి గొంతు వినబడుతోంది. "ఇంజను మీద పొయ్యిరా. ఇంజనేదిరా?"

"ఇంజను సీట్ల ఎనకాల ఉన్నాదమ్మా, ఇప్పుడది ఇప్పడం కుదరదు." నా గొంతు. "ఏ బండికైనా మొహం ముందే గదా. ముందు పోసెద్దాం."

ముందు మూత ఎత్తాను. పంతులు అందించిన కాయ చేతిలోకి తీసుకుని ఆగాను. "ప్లాస్టిక్ మీద పోస్తే ఏటి లాభం? లోపలికెల్లాలి." బొటనవేలితో పటపటా క్లిప్పులు ఎగదీశాను. రెండు విరిగిన చప్పుడు కూడా వినబడింది. నల్ల మూత తీసి పక్కన పెట్టి, కరెంటు పెట్టె మీద కాయలో ఉన్నదంతా ధారగా పోశాను. నా పగడపు ఉంగరం ఎండకి మెరిసింది. అది చాలనట్టు రెండో కాయ కూడా అందుకున్నాను. వెనక వాళ్లంతా చప్పట్లు.

ఆ వేలు నాదే. ఆ ఉంగరం నాదే. ఇప్పుడు కూడా వేలికే ఉంది. నలభై నిమిషాల కిందట అదే వేలితో ఆ చిలుం గీకాను. పిల్లాడికి కూడా చెప్తాం కదా, కరెంటు దగ్గర నీళ్లు పోయకు అని. దాని మీదే అన్నం తింటున్నవాణ్ణి నేను పోశాను. పూజ కాబట్టి అవి నీళ్లని నాకు తోచలేదు.

గౌరి నా భుజం మీంచి వీడియో మొత్తం చూసింది. కింద పడేసిన తీగచుట్ట ఏరి బల్ల మీద పెట్టింది.

"గౌరీ" అన్నాను. "కొత్త కనెక్టరు ఏసీసి, ఎలక కొరికీసినాదని సెప్తే?"

"సెప్పు. ఆ ఎలకకి పగడపుటుంగరం కూడా ఉన్నాదని సెప్పు."

"ఆళ్లు వీడియో మీద అంత దూరం ఆలోసించరే. ముసల్దానికి మాత్రమే..."

"నివ్వు ఆలోసించినావు గదా, సాలదేటి?" అంది గౌరి. "ఆ సిందూరి గుంట ఎల్లుండి రైలెక్కాల. నివ్వు సెప్పిన మాట నివ్వే తియ్యాల. ఏ నలుగురి ముందు సెప్పినావో ఆ నలుగురి ముందే."

కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. భయం మాత్రం వచ్చింది. పేరు పోతుందని భయం. హస్తవాసి మంచిదన్న నోళ్లే రేపటినుంచి ఏమంటాయో తెలుసు. చిలుం పట్టిన కనెక్టరు కోసి ప్లాస్టిక్ సంచిలో వేసుకున్నాను. కొత్త కనెక్టరు కాలు కాలుకీ అతికించి, పెట్టె కడిగి ఆరబెట్టి, మూతకి కొత్త క్లిప్పులు వేసేసరికి మూడున్నర దాటింది. అయిపోయాక నీళ్ల గన్ను పట్టి కారు మీద కుండపోతగా కొట్టాను. లైట్లు వెలగలేదు. వెలిగితే దోషం మరెక్కడో ఉందని తేలేది కదా అని ఒక పాడు ఆలోచన కూడా వచ్చి పోయింది.

కారు తీసుకుని బయల్దేరేసరికి మబ్బు పట్టింది. జీటీ రోడ్డు చేరేసరికి జల్లు మొదలైంది.

షాపులో పెళ్లివాళ్లు చీరలు పరిపించి కూర్చున్నారు. ఆనంద్‌కుమార్ బాబు గల్లా దగ్గర, పక్కన కుర్చీలో చేతికి సిమెంటు కట్టుతో నారాయణమ్మగారు. చూసి విడిచిన చీరలు మడతపెడుతోంది సింధూరి. స్టీరింగు ముట్టుకోవద్దన్నాక ఆ పిల్లని షాపులో కూర్చోబెట్టారన్నమాట. తలెత్తి నన్ను చూసి, మళ్లీ మడతలోకి దించేసింది. ముసలావిడ కూడా ఏమీ అనలేదు. వాళ్లిద్దరూ పొద్దుటినుంచీ ఆయనకి చెప్పలేదని అప్పుడర్థమైంది. నేనే వస్తానో రానో చూస్తున్నారు.

"ఏటి నర్సింగరావ్, కారుకి బేరమొచ్చిందా?" అన్నాడు ఆనంద్‌కుమార్ బాబు.

"బాబూ, మొన్న ఇక్కడే ఒక మాటన్నాను. దోషం నడిపిన సేతిలో ఉన్నాదని."

"అన్నావు."

"తప్పు. దోషం బండిలోనే ఉన్నాది." సంచిలోంచి కనెక్టరు తీసి గల్లాబల్ల మీద పెట్టాను. "ఇది తడిసినా, కొంచెం కదిలినా బండి ఆగిపోతాది. నాను ఆపి సూసేను. సిందూరి ఏటి సెప్పిందో అదే జరిగినాది. ఒక్క ముక్క తేడా లేదు. ఆ గుంట సెయ్యి మంచిది కాబట్టే ఇద్దరూ బతికినారు. నా సెయ్యి నడిపుంటే లేరు."

చీరలు చూస్తున్న ఆడవాళ్లు కూడా ఇటు తిరిగారు. ఆనంద్‌కుమార్ బాబు ఆ చిలుం ముక్కని వేలితో తిప్పి చూశాడు. "ఇలాగ ఎలాగైనాది?"

"శ్రీకూర్మంలో ఆ మూత ఇప్పి కొబ్బరినీళ్లు పోసినారు."

"ఎవులు?"

"నానే బాబూ."

తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. గల్లా మీద చెయ్యి అలాగే ఉంచి తల్లి కట్టు వైపు చూశాడు, నా ఉంగరం వైపు చూశాడు, తరవాత కూతురి వైపు చూశాడు. చూసినచోటల్లా ఆయన మొహం కొంచెం కొంచెం పడిపోతోంది.

"ఆ నీళ్లు పొయ్యమన్నది నానేరా" అంది నారాయణమ్మగారు. "నా సెయ్యే ఇరిగినాది. సరిపోనాది."

ఆనంద్‌కుమార్ బాబు నా మాటా పట్టించుకోలేదు, తల్లి మాటా పట్టించుకోలేదు. "సిందూరీ" అన్నాడు. "టికెట్టు... రద్దు సేసీసినావేటమ్మా?"

"లేదు నాన్నా" అంది ఆ పిల్ల. "సెయ్యలేదు."

ఆయన తల ఊపాడు. కళ్లజోడు తీసి, తుడిచినదే తుడుస్తూ కూర్చున్నాడు. వెళ్లు అని నోటితో అనలేదు గాని, అందరికీ అర్థమైంది. నేను జేబులోంచి తాళం తీసి సింధూరి ముందు పెట్టాను. క్షమించమ్మా అనాలని వచ్చాను. ఎదురుగా నిలబడ్డాక ఆ మాట చిన్నదనిపించింది. అయినా అన్నాను.

ఆ పిల్ల తాళం తీసుకుంది. నన్ను తిట్టలేదు, ఊరడించలేదు కూడా. షాపు అద్దంలోంచి బయట జల్లు వైపు చూస్తూ నిలబడింది. చూస్తూనే అడిగింది.

"బాబాయ్, ఈ మధ్య ఇంకెన్ని బళ్లకి పోసేవు?"

నేను వేళ్ల మీద లెక్కపెట్టబోయాను.

ఇప్పటి బళ్లు మా గురువుగారి లారీలు కావు. ప్రతిదాని ముందు మూత కిందా ఒక కరెంటు పెట్టె ఉంది. కిందటి నెల ఒక ట్రాక్టరు. అంతకుముందు ఇద్దరు డాక్టర్ల కార్లు. పాల వ్యాను. శ్రావణ శుక్రవారం ఒక్క పూటే మూడు. ఆ మూడింట్లో ఒకటి సోములుది. సోములు మా వీధివాడే, అప్పుచేసి కొత్త వ్యాను కొని బడికి పిల్లల్ని తిప్పుతున్నాడు. దానికి ఇంజను బాగా తడవాలని మూడు కాయలు కొట్టించాను.

గోడగడియారం చూశాను. నాలుగూ పది.

అక్కడే నిలబడి ఫోను చేశాను. తొందరలో రెండుసార్లు తప్పు నెంబరు నొక్కాను. మూడోసారి ఎత్తాడు. అవతల పిల్లల గోల.

"సోములూ, బండెక్కడున్నాదిరా?"

"బడి గేటు కాడే మావా. పిల్లలెక్కీసినారు. వాన పెద్దదవక ముందే బేగి ఎలిపోవాల. ఏటి?"

"కదపకు. తాళం తీసీ. పిల్లల్ని దించీ."

"దించడమేటి మావా? ఇరవై మందున్నారు. వానలోనా?"

"వానలోనే. అందర్నీ దించీసి గేటు లోపలికి పంపు. ఒక్కల్ని కూడా ఉంచకు."

సోములు నవ్వాడు. "ఏటైనాది మావా నీకు? బండి బంగారంలాగున్నాది. పూజ నీ సేత్తోనే గదా సేసినావు, దీనికేటౌతాది?"

షాపులో అందరూ నన్నే చూస్తున్నారు. సింధూరి తాళం చేతిలో బిగించి పట్టుకుని చూస్తోంది.

"అందుకేరా" అన్నాను. "నా సెయ్యి పడ్డాది కాబట్టే సెప్తన్నాను. దించీ."